ఎక్స్ఛేంజ్‌కి వెళ్లే పిల్లలకు మూడు గంటల్లో ఏం నేర్పాలి?

కొత్త బాధ్యురాలు:

నమస్తే అండీ. నేను లెక్చరర్‌ని. మా డిపార్ట్‌మెంట్ నుంచి ఎక్స్ఛేంజ్ మీద బయటి దేశాల యూనివర్సిటీలకు వెళ్లే పిల్లల్ని తయారుచేసి పంపే పని ఈ టర్మ్ నుంచి నా మెడకు చుట్టారు. ఇన్నాళ్లూ చూసుకున్నావిడ రిటైరవుతూ ఒక ఫైలూ ఒక పెన్‌డ్రైవూ చేతిలో పెట్టి వెళ్లారు. పెన్‌డ్రైవ్ తెరిస్తే 62 స్లైడ్లు. వీసా, సూట్‌కేసు బరువు, ప్లగ్ అడాప్టర్, చలికోటు, మధ్యలో భూగోళం బొమ్మ, చివర్లో "అక్కడి సంస్కృతిని గౌరవించండి".

వచ్చే సెమిస్టర్‌కి 14 మంది వెళ్తున్నారు. ఆరుగురు జర్మనీకి, నలుగురు ఫ్రాన్స్‌కి, ముగ్గురు జపాన్‌కి, ఒకబ్బాయి డెన్మార్క్‌కి. ఎక్కువమంది ఒక్క సెమిస్టరే ఉంటారు. వీళ్లకోసం నాకు ఇచ్చింది ఒక శనివారం పొద్దున మూడు గంటలు.

నిరుడు వెళ్లొచ్చిన ఒకమ్మాయిని పిలిచి, ఆ మూడు గంటల్లో నీకు నిజంగా పనికొచ్చిందేమిటమ్మా అని అడిగాను. పాపం చాలాసేపు ఆలోచించింది. "అడాప్టర్ మేడమ్" అంది.

నేను ఎప్పుడూ ఎక్స్ఛేంజ్‌కి వెళ్లినదాన్ని కాదు. అందుకే అడుగుతున్నా. ఈ పని చేసినవాళ్లు, వెళ్లొచ్చినవాళ్లు ఉంటే చెప్పండి, ఆ మూడు గంటలూ దేనికి ఖర్చుపెట్టాలి?

కాగితాల పిచ్చి:

మేడమ్, వీసా, ఇన్సూరెన్స్, పాస్‌పోర్ట్ గడువు లాంటివన్నీ రెండు పేజీల కాగితం చేసి నెల ముందే ఇచ్చేయండి. చదివి వినిపించకండి, వాళ్లకు చదవడం వచ్చు.

మందుల సంగతి ఒక్కటీ నోటితో చెప్పండి, జపాన్ వెళ్లే ముగ్గురికీ మరీను. ఆంఫెటమిన్ ఉన్న మందులు డాక్టర్ చీటీ ఉన్నా సరే ఆ దేశంలోకి రానివ్వరు. ఏకాగ్రత సమస్యకు కొన్ని దేశాల్లో రాసేవి అవే. మిగతా మందులైనా, డాక్టరు రాసినవి నెలకు మించి సరిపడా తీసుకెళ్లాలంటే బయల్దేరకముందే అక్కడి నుంచి అనుమతి పత్రం తెప్పించుకోవాలి. విషయం అందరి ముందూ చెప్పండి. ఎవరెవరు ఏం వాడుతున్నారని మాత్రం అక్కడ అడగొద్దు, ఒక్కరూ చెయ్యి ఎత్తరు. "సందేహముంటే నాకు విడిగా రాయండి" అంటే చాలు.

పాత కాపు:

పదకొండేళ్లు ఈ కుర్చీలోనే కూర్చున్నానండీ, అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

మొదట నా తప్పు చెప్పుకోవాలి. రెండో మూడో ఏడు అనుకుంటా, మా దగ్గర్నుంచి ఒకమ్మాయి వెళ్లింది. చురుకైన పిల్ల. వెళ్లేముందు అందరూ నింపే లెర్నింగ్ అగ్రిమెంట్ నింపింది, అంటే అక్కడ ఏ సబ్జెక్టులు చదువుతుంది, ఇక్కడ అవి వేటికి బదులు లెక్కకొస్తాయి అనే కాగితం. అక్కడికెళ్లిన రెండో వారంలో అందులో ఒక సబ్జెక్టు రద్దయింది, తగినంతమంది చేరలేదట. పక్క క్లాసు ప్రొఫెసర్ ఎంతో మర్యాదగా "మా క్లాసులో కూర్చో, ఏం ఫరవాలేదు" అన్నాడు. కూర్చుంది. పరీక్ష రాసింది. క్లాసులో ఫస్టు వచ్చింది. తిరిగొచ్చాక ఇక్కడి కమిటీ కాగితం చూసి, ఇందులో ఈ సబ్జెక్టు లేదే, మాకు తెలియకుండా మార్చుకుంటే ఎలా అంది. ఆ సబ్జెక్టు బదులు ఇక్కడి పేపర్ మళ్లీ రాయాల్సొచ్చింది. ఆరు నెలలు పోయాయి.

ఆ అమ్మాయిది తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. సబ్జెక్టు మారితే కొత్త కాగితం మీద మూడు సంతకాలు పడాలని, నీది, ఇక్కడి కోఆర్డినేటర్‌ది, అక్కడి కోఆర్డినేటర్‌ది, అది కూడా మొదటి కొన్ని వారాల్లోనే జరగాలని నేను చెప్పాను. చెప్పానంటే, నా 41వ స్లైడులో ఉంది. 41వ స్లైడు వచ్చేసరికి గదిలో సగంమంది తల వంచుకుని ఫోన్లు చూసుకుంటున్నారు. ఆ అమ్మాయి చూసుకోలేదు, రాసుకుంది కూడా. కానీ సమయానికి గుర్తురాలేదు. ఎదురుగా ఉన్న పెద్దమనిషి ఫరవాలేదు అంటుంటే నోట్‌బుక్ ఎవరు తిరగేస్తారు?

ఆ ఏడాదితో స్లైడ్లు మానేశాను. మీరు కూడా మొదటి గంట ఆ కాగితం మీదే పెట్టండి. నేను చేసే పద్ధతి ఇది. అందరూ లాప్‌టాప్, వాళ్లు నింపిన అగ్రిమెంట్ తెచ్చుకోవాలి. కూర్చోగానే ఒక్కొక్కరి కాగితం దగ్గరకీ వెళ్లి ఎర్రపెన్నుతో ఒక సబ్జెక్టు కొట్టేస్తాను. "ఇది రద్దయింది. ఇవాళ రెండో వారం మంగళవారం. నీకు నలభై నిమిషాలు టైముంది, ఇంకోటి వెతికి, ఎవరికి రాయాలో వాళ్లకు మెయిల్ రాసి, కాగితం మార్చి నాకు చూపించు." మొదట నవ్వుతారు. పది నిమిషాలకు గది నిశ్శబ్దమవుతుంది. ఆ యూనివర్సిటీ వెబ్‌సైట్లో తనకు కావాల్సిన సబ్జెక్టు ఏడాదికి ఒక్కసారే చెప్తారని ఒకడికి తెలుస్తుంది. ఇంకొకామెకు దొరికింది మాస్టర్స్ వాళ్లకు మాత్రమే. మరొకరిది అంతా బాగుంది, బోధన మాత్రం ఫ్రెంచిలో. ఒకసారైతే ఒకబ్బాయి కొట్టేసిన సబ్జెక్టు వదిలేసి, మిగతావి చూస్తుండగానే "సార్, నేను రాసిన ఇంకోటి కూడా ఈ సెమిస్టర్ లేదు" అన్నాడు. బయల్దేరడానికి ఐదు వారాల ముందు బయటపడింది కాబట్టి సరిపోయింది.

ఇదే గంటలో క్రెడిట్ల లెక్క కూడా చెప్పేయండి, యూరప్ వెళ్లేవాళ్లు మీకు 11 మంది ఉన్నారు కదా. అక్కడ ఏడాదికి 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కి 30. ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. ఇది అందరూ వింటారు, తలూపుతారు. బోర్డు మీద లెక్క చేయించండి, అప్పుడు కళ్లు తెరుచుకుంటాయి. ఐదు క్రెడిట్ల సబ్జెక్టు అంటే 125 నుంచి 150 గంటలు. క్లాసులు వారానికి నాలుగు గంటలనుకుందాం, 14 వారాలకు 56 గంటలు. మిగతా 70, 90 గంటలు ఎక్కడున్నాయి? టైంటేబుల్లో కనబడవు. ఖాళీగా కనబడే బుధవారం, శుక్రవారం అవే. ఇక్కడ రోజంతా క్లాసుల్లో కూర్చుని అలవాటైన పిల్లలు అక్కడి టైంటేబుల్ చూసి "అబ్బ, ఎంత హాయి" అంటారు. డిసెంబర్లో ఫోన్ చేస్తారు.

రెండో గంటలో సగం మార్కులకు. బోర్డు మీద 4.0 అని పెద్దగా రాసి, ఇది మంచి మార్కా కాదా అని అడగండి. అమెరికాలో 4.0 అంటే అంతకు మించి లేదు. జర్మనీలో 4.0 అంటే ఒడ్డున పడ్డావు, అంతే, అక్కడ 1.0 గొప్ప, 5.0 ఫెయిలు. ఫ్రాన్స్‌లో 20కి లెక్క, 10 వస్తే పాసు, 16 దాటితే "చాలా బాగుంది" అనే శ్రేణి. 14 వచ్చిందని ఏడ్చిన పిల్లను నేనే ఓదార్చాను, క్లాసులో ఆమెకంటే ఎక్కువ వచ్చింది ఇద్దరికేనట. డెన్మార్క్ అబ్బాయికైతే మరీ తమాషా, ఏడు మెట్ల స్కేలు, పైన 12, కింద మైనస్ 3. సున్నా కంటే తక్కువ మార్కు ఉందంటే నమ్మడు, చూపించండి. ఇది సరదా కోసం కాదు. అక్కడి మార్కును ఇక్కడి మార్కుగా ఎలా మారుస్తారో ఆ పట్టిక వాళ్లు విమానం ఎక్కకముందే మీ పరీక్షల విభాగం చేత సంతకం పెట్టించి ఉంచుకోండి. వచ్చాక అడిగితే ఒక్కో గుమాస్తా ఒక్కో లెక్క చెప్తాడు.

మిగతా సగంలో ఒక్క మెయిలు రాయించండి. అక్కడి ప్రొఫెసర్‌కి మొదటి మెయిలు. మా పిల్లలు రాసేవి నేను దాచుకున్నాను, పేర్లు తీసేసి చూపిస్తుంటాను. ఒకటి ఇలా ఉంటుంది: "గౌరవనీయులైన ప్రొఫెసర్ గారికి, మీ విలువైన సమయాన్ని తీసుకుంటున్నందుకు క్షమించండి" అని మొదలై, తన చదువు, తన ఆసక్తులు, ఆ యూనివర్సిటీ గొప్పతనం రెండు పేరాలు నడిచి, ఆఖరి వాక్యంలో "కోర్సు గురించి వివరాలు చెప్పగలరు" అని ముగుస్తుంది. ఏ కోర్సు? ఏ వివరాలు? జవాబు రాలేదు, రాదు. దాన్నే ఇలా మార్చించాను: "నేను అక్టోబర్ నుంచి ఒక సెమిస్టర్ మీ దగ్గరికి వస్తున్న ఎక్స్ఛేంజ్ విద్యార్థిని. మీ స్టాటిస్టిక్స్ కోర్సులో చేరాలనుకుంటున్నాను. దానికి ముందు చదివి ఉండాల్సిన రెండు సబ్జెక్టుల్లో ఒకటే చదివాను, సిలబస్ జతచేశాను. చేరవచ్చా?" మర్నాడే జవాబొచ్చింది, ఒకే ముక్క: "రండి, మూడో అధ్యాయం ముందే చదువుకోండి." మర్యాద తగ్గిందేమోనని ఆ అబ్బాయి పంపేముందు వారం రోజులు భయపడ్డాడు. నాలుగు వాక్యాల్లో అవతలి మనిషి పని తేలిక చేయడం కంటే మర్యాద ఏముంటుంది చెప్పండి.

మూడో గంట మీరు మాట్లాడకండి. వెళ్లొచ్చినవాళ్లకు వదిలేయండి.

సగం సామాను:

పాత కాపు సార్ మెయిల్ సంగతి చదివి నా పాత మెయిల్ గుర్తొచ్చి ముఖం దాచుకున్నాను. నేను జర్మనీలో ఒక సెమిస్టర్ చదివి వచ్చాను మేడమ్. నాకు ఎవరూ చెప్పనివి కొన్ని చెప్తాను.

మొదటి క్లాసు పదింటికి అని ఉంది. పది గంటల రెండు నిమిషాలకు పరిగెత్తుకుంటూ వెళ్తే గదిలో ఒక్కరూ లేరు. తప్పు గది అనుకుని ఆ బిల్డింగంతా తిరిగి, చెమటలు కక్కుతూ వెనక్కి వచ్చేసరికి పదీపావు, అందరూ అప్పుడే తీరిగ్గా వస్తున్నారు. టైంటేబుల్లో గంట పక్కన "సి.టి." అని రెండక్షరాలుంటే పావుగంట తర్వాత మొదలవుతుందని అర్థం, లాటిన్ మాటకు పొట్టిపేరు. "ఎస్.టి." అని ఉంటే కచ్చితంగా ఆ టైముకే. నేను ఆ అక్షరాలు చూశాను, గది నంబరేమో అనుకున్నా.

అది నవ్వుకునే సంగతి. నవ్వుకోలేనిది ఇంకోటి ఉంది. కోర్సులో చేరడం వేరు, పరీక్షకు నమోదు చేసుకోవడం వేరు. అక్కడ చాలా చోట్ల పరీక్షకు విడిగా పోర్టల్లో రిజిస్టర్ చేసుకోవాలి, దానికి వేరే గడువు. చేసుకోకపోతే సెమిస్టరంతా ముందు బెంచీలో కూర్చున్నా పరీక్ష రాయనివ్వరు. ఇక్కడ ఫీజు కట్టి హాజరుంటే హాల్‌టికెట్ దానంతటదే వస్తుంది కదా, నాకు ఆ ఆలోచనే తట్టలేదు. గడువు రేపనగా మా వంటగదిలో అంట్లు కడుగుతూ ఫ్లాట్‌మేట్ "అన్నీ రిజిస్టర్ చేసేశావా" అని మామూలుగా అడిగాడు. నా చేతిలో గ్లాసు జారిపోయింది. ఆ రాత్రి పాస్‌వర్డ్ పనిచేయక పడ్డ టెన్షన్ జన్మలో పడలేదు. వాడు ఆ మాట అడగకపోతే నాకు మూడు సబ్జెక్టులు పోయేవి.

ఇంకొకటి, నోరు తెరవడం. సెమినార్ క్లాసులో మార్కులు మాట్లాడితేనే. నేను వినయంగా ఉన్నాననుకున్నాను, ఆ క్లాసు చెప్పే ప్రొఫెసర్ ఆవిడ నేను పాఠం చదువుకుని రాలేదనుకుంది. నాలుగో వారం "ఒకసారి నా స్ప్రెష్‌స్టుండెకి రా" అంది. విద్యార్థులు వచ్చి మాట్లాడటానికి ప్రొఫెసర్లు వారంలో ఒక గంట కేటాయిస్తారు, దాని పేరు అది. నాకేమో ప్రిన్సిపాల్ పిలిచినట్టయింది, రాత్రంతా నిద్రలేదు. తీరా వెళ్తే ఆవిడ అడిగింది ఒకటే: "నీకు ఇంగ్లిష్ కష్టమా, పాఠం కష్టమా, లేక మాట్లాడే అలవాటు లేదా?" మూడోది అన్నాను. "అయితే ప్రతి వారం ఒక్క ప్రశ్న ఇంట్లోనే రాసుకునిరా, మొదటి పది నిమిషాల్లో అడిగెయ్" అంది. ఆలస్యమయ్యేకొద్దీ భయం పెరుగుతుందట. నిజం. మీ 14 మంది చేత శనివారం తలా ఒక ప్రశ్న గట్టిగా అడిగించండి, సిగ్గు అక్కడే పోవాలి.

గ్రాఫుల గొడవ:

ఆ 62 స్లైడ్లలో యు అక్షరంలా వంగిన గ్రాఫు ఒకటి ఉండే ఉంటుంది, పందెం. మొదట సంబరం, తర్వాత దిగులు, తర్వాత సర్దుబాటు. దయచేసి దాన్ని తీసేయండి.

ఆ గీత 1955లో నార్వే సామాజిక శాస్త్రవేత్త లిస్గార్డ్ రాసిన వ్యాసం నుంచి వచ్చింది. ఫుల్‌బ్రైట్ అనే స్కాలర్‌షిప్ మీద అమెరికా వెళ్లి తిరిగొచ్చిన దాదాపు 200 మంది నార్వే వాళ్లను అడిగాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లు, ఏడాదిన్నరకు పైగా ఉన్నవాళ్లు బాగానే ఉందన్నారు, మధ్యవాళ్లు అంత బాగా లేదన్నారు. గమనించండి, ఒకే మనిషిని నెలనెలా అడిగింది కాదు, వేరువేరు మనుషులు. పైగా మీ పిల్లలు ఉండేదే ఐదారు నెలలు, ఆ లెక్కన గీత వంగేలోపే ఇంటికొచ్చేస్తారు! 1998లో అచ్చయిన ఒక పరిశోధనలో, న్యూజిలాండ్‌లో చదివే జపాన్ విద్యార్థుల్ని వచ్చినప్పటి నుంచీ వరసగా గమనించినప్పుడు తేలిందేమిటంటే, మొదట సంబరం లేదు సరికదా, వచ్చిన కొత్తల్లోనే దిగులు అన్నిటికంటే ఎక్కువ. గ్రాఫు నమ్ముకున్న కోఆర్డినేటర్ "మొదటి నెల హనీమూన్ కదా" అని మూడో నెలలో ఫోన్ చేస్తాడు. అసలు కావాల్సింది మొదటి పది రోజుల్లో.

పాత కాపు:

గ్రాఫుల గొడవ గారూ, ఆ గీత నేను కూడా చాలా ఏళ్లు గీశానండీ, ఒప్పుకుంటున్నాను. మొదటి వారం మాట మాత్రం నా అనుభవంలో అక్షరాలా నిజం. దిగిన నాలుగో రోజు, గది తాళం, బ్యాంకు, సిమ్ కార్డు అన్నీ ఒకేసారి మీద పడి, ఇంటికి మాత్రం "సూపర్‌గా ఉంది" అని ఫొటో పెట్టే రోజు, అదీ కష్టమైన రోజు.

నేను రెండో వారంలో అందరికీ ఫోన్ చేస్తాను, ఇకనుంచి మొదటి వారంలోనే చేయాలేమో. ఎలా ఉన్నావని అడగను. అడిగితే బాగున్నానంటారు, వాళ్లకూ నాకూ పని అయిపోతుంది. "ఈ వారం అక్కడ ఎవరితో మాట్లాడావ్, ఇద్దరి పేర్లు చెప్పు" అంటాను. పేర్లు టకటకా వస్తే ఫోన్ పెట్టేస్తాను. నసిగితే ఇంకో అరగంట మాట్లాడతాను.

కొత్త బాధ్యురాలు:

అందరికీ చాలా థాంక్స్ అండీ. పందెం మీరే గెలిచారు, గ్రాఫు 55వ స్లైడులో ఉంది, రంగుల్లో. సబ్జెక్టు మారితే మూడు సంతకాలు అన్న మాట మా దాంట్లో 47వది, అదీ కింద చిన్న అక్షరాల్లో.

ఎర్రపెన్ను కొన్నాను. ఒక అనుమానం. జర్మనీ వాళ్ల మార్కులు ఎప్పటికొస్తాయి? మా దగ్గర తర్వాతి సెమిస్టర్ జనవరిలో మొదలైపోతుంది.

సగం సామాను:

అయ్యో మేడమ్, అదే పెద్ద చిక్కు. వింటర్ సెమిస్టర్ కాగితం మీద అక్టోబర్ 1 నుంచి మార్చి 31 వరకు. క్లాసులు ఫిబ్రవరి దాకా నడుస్తాయి, పరీక్షలు ఆ తర్వాత, కొన్ని మార్చిలో కూడా. ట్రాన్స్‌క్రిప్ట్, అంటే మార్కుల పత్రం, చేతికొచ్చేసరికి ఇంకా ఆలస్యం. నేను ఇక్కడ మొదటి కొన్ని వారాల క్లాసులు పోగొట్టుకున్నాను, పైగా మార్కులు రాలేదని రికార్డులో కొన్నాళ్లు ఫెయిల్ అని కూడా చూపించింది.

పాత కాపు:

ఆ ఆరుగురి పేర్లతో ఇప్పుడే ఒక లెటర్ పెట్టండి మీ పరీక్షల విభాగానికి, ఫలానా తేదీ దాకా వీళ్ల ఫలితం "రావాల్సి ఉంది" అని చూపించాలని. జనవరి హాజరుకు కూడా అందులోనే మినహాయింపు అడగండి. కొందరు అక్కడి ప్రొఫెసర్లు ముందే అడిగితే పరీక్ష బదులు వ్యాసం రాయనిస్తారు, అది కూడా మొదటి నెలలో అడగాలి, డిసెంబర్లో కాదు. శనివారం రాయించే మెయిలు అదే పెట్టుకోండి, సరిపోతుంది.

సగం సామాను:

మేడమ్, మూడో గంటలో నేను ఆన్‌లైన్‌లో వస్తాను, ఫ్రాన్స్ వెళ్లొచ్చిన ఫ్రెండ్‌ని కూడా తీసుకొస్తా. ఒక్క షరతు, ఏమనుకోకండి. ఆ గంట మీరు గదిలో ఉండొద్దు. మీరుంటే వాళ్లు లైబ్రరీ టైమింగ్స్ అడుగుతారు. మీరు లేకపోతే డబ్బులు అయిపోతే ఏం చేశావ్, రాత్రుళ్లు ఏడుపొచ్చిందా అని అడుగుతారు.

కొత్త బాధ్యురాలు:

ఏమీ అనుకోను బాబూ. పదకొండున్నరకు కనెక్ట్ అవ్వండి, నేను తలుపు వేసి కారిడార్‌లో కూర్చుంటాను.